పారిజాతం ఎవరిది?

పారిజాతం అనగానే మనకి ముందు గుర్తొచ్చేది పువ్వు కాదు, పోట్లాట! ఇద్దరు సవతులు, మధ్యన ఒక మొగుడు, ఆ మొగుడి చేతిలో ఒకే ఒక్క పువ్వు. ఎవరికిచ్చినా రెండోవారి ఇంట్లో పొయ్యి వెలగదు. ఈ మాత్రం కథ తెలియని తెలుగింటి ఆడపిల్ల ఉండదు. ముక్కు తిమ్మన పేరు విననివాళ్ళు కూడా సత్యభామ అలక గురించి ఒక సాయంత్రమంతా చెప్పగలరు. సినిమాలో చూశాం, నాటకంలో చూశాం, ఎదురింటావిడ మూతి ముడిస్తే "సత్యభామలా" అని మనమే అనేస్తాం.

అయితే ఒక్క మాట అడుగుతాను, కోప్పడకండి. ఐదువందల ఏళ్ళుగా ఇంతమంది ఆ పువ్వు గురించి పాడారు, ఆడారు, ఏడ్చారు. ఆ చెట్టు కేసి తలెత్తి చూసినవాళ్ళెంతమంది? పువ్వు ఎవరి కొప్పుకి చేరిందన్నదే మన కావ్యాలకి పట్టింది. అది ఏ నేలలో మొలుస్తుందో, ఏ వేళకి పూస్తుందో, అసలు కొప్పులో నిలుస్తుందో లేదో ఎవరికీ పట్టలేదు. పువ్వుని తెలుసుకుని ఆ కథ మళ్ళీ చదివితే, కథే కొంచెం మారిపోతుంది. అదే ఈ వ్యాసం సంగతి.

ముందు కావ్యం మాట చెప్పుకుందాం. నంది తిమ్మన శ్రీకృష్ణదేవరాయల కొలువులో కవి. రాయలు రాజ్యం చేసింది 1509 నుంచి 1529 దాకా. "పారిజాతాపహరణం" ఐదు ఆశ్వాసాల ప్రబంధం, రాయలకే అంకితం. కథ హరివంశంలోది. నారదుడు స్వర్గంనుంచి ఒక పారిజాతం తెస్తాడు. అప్పుడు కృష్ణుడు రుక్మిణి ఇంట్లో ఉన్నాడు గనక ఆమెకిస్తాడు. చెలికత్తె పరుగున పోయి సత్యభామ చెవిన వేస్తుంది. ఇంకేముంది! నగలు తీసేసి, మాసిన చీర కట్టి, తలకి గుడ్డ చుట్టి, అలకటింట్లో నేలమీద పడుకుంటుంది. కృష్ణుడొచ్చి బతిమాలి, చివరికి కాళ్ళమీద పడతాడు. ఆవిడ ఎడమ కాలితో తన్నుతుంది. ఆయనేమో కోప్పడక, నా ఒళ్ళు తగిలి నీ మెత్తని పాదం నొచ్చుకుందేమోనని వాపోతాడు! పువ్వేం ఖర్మ, చెట్టే తెచ్చిస్తానని మాటిచ్చి, ఆమెని వెంటబెట్టుకుని స్వర్గానికి వెళ్ళి, ఇంద్రుడితో యుద్ధం చేసి మరీ తెస్తాడు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ అలక రాయడంలో తిమ్మనకి సాటి లేరు. "ముద్దు పలుకు" అని పెద్దలు ఊరికే అనలేదు. దెబ్బ తిన్న ఆడదాని మనసులో ముందు కోపం, తర్వాత అవమానం, ఆ తర్వాత దుఃఖం ఏ వరసలో వస్తాయో ఆయనకి తెలుసు. కోపంతో లేచిన మనిషి ఏడుపు దగ్గరికొచ్చేసరికి ఎలా జారిపోతుందో అంత దగ్గరగా చూసిన మగకవి అరుదు. ప్రబంధాల్లో వరూధిని, సత్యభామ, గిరిక ముగ్గురి ఏడుపుల్నీ పక్కపక్కన పెట్టి ఎవరిది బాగుందని పండితులు వాదించుకునేవారట. ఏడుపులో కూడా పోటీలు పెట్టారంటే చూడండి మరి, మగవాళ్ళ రసికత!

ఈ కావ్యం పుట్టుక గురించి ఒక కథ చెప్తారు. రాయలవారి దేవేరి తిరుమలదేవి ఒకరాత్రి నిద్రలో అటు తిరిగి ఇటు తిరిగి, రాయలవారి చిత్రపటం వైపు కాళ్ళు పెట్టి పడుకుందట. రాయలవారది చూసి అలిగి ఆమె గడప తొక్కడం మానేశారట. పుట్టింటివారు అరణంగా పంపిన కవి కాబట్టి తిమ్మన ఈ కావ్యం రాసి, సాక్షాత్తూ శ్రీకృష్ణుడే భార్యచేత తన్నించుకుని నవ్వాడు, నువ్వెంత అని రాజుకి చెప్పకుండా చెప్పాడట. నిజమో కట్టుకథో గాని, చెప్పుకుంటూ వచ్చిన తీరు మాత్రం తమాషాగా ఉంటుంది. నిద్దట్లో కాలు అటు తిరిగినందుకు ఒక ఆడమనిషికి పడిన శిక్ష తప్పించడానికి ఐదు ఆశ్వాసాల ప్రబంధం కావలసొచ్చింది! ఇంట్లో గిన్నె జారి పడినందుకు మాట పడే మనకి ఆ తిరుమలదేవి ఎంతో దగ్గరి చుట్టంలా అనిపిస్తుంది కదూ.

ఇక పువ్వు దగ్గరికి రండి. తిమ్మన వర్ణించిన పారిజాతం వాడదు. దాని వాసన తరగదు. పెట్టుకున్న ఆడదానికి సవతులందరి మీదా పైచేయి. ఇదీ నారదుడు చెప్పే గొప్ప.

మరి మన పెరట్లో పారిజాతం? సూర్యుడు గోదాట్లోకి దిగాక విచ్చుతుంది. తెల్లవారకముందే తొడిమ వదిలి రాలిపోతుంది. ఐదు నుంచి ఎనిమిది దాకా తెల్లని రేకలు, గాలిమర రెక్కల్లా కాస్త మెలితిరిగి ఉంటాయి. మధ్యన పగడంలాంటి కాడ. అందుకే దీన్ని పగడమల్లె అని కూడా అంటారు. మల్లె అన్న పేరు ఊరికే రాలేదు, వృక్షశాస్త్రం ప్రకారం కూడా ఇది మల్లె కుటుంబానిదే. కొమ్మలు గుండ్రంగా ఉండవు, నాలుగు పలకలుగా ఉంటాయి. ఆకు గరుకు. ఎంత గరుకంటే, వెనకటికి వడ్రంగులు చెక్క నునుపు చెయ్యడానికి ఆ ఆకుతో రుద్దేవారు. నమిలితే చేదు విషం. కీళ్ళనొప్పులకీ, నడుంనుంచి కాల్లోకి లాగే నొప్పికీ ఆయుర్వేదంలో ఈ ఆకు కషాయం చెప్తారు. కాయ చప్పిడి బిళ్ళలా ఉండి, ఎండాక రెండుగా విడుతుంది. ఒక్కో చెక్కలో ఒక్కో గింజ. పువ్వు కాడల్ని ఎండబెట్టి నీళ్ళలో మరిగిస్తే కుంకుమపువ్వు రంగు దిగుతుంది. పూర్వం పట్టుబట్టలకీ, బౌద్ధ భిక్షువుల కాషాయానికీ ఆ రంగు వేసేవారు.

ఇది అడవి మొక్క సుమండీ. మనమేదో తోటల్లో పుట్టిన సుకుమారి అనుకుంటాం గాని, దీని పుట్టిల్లు రాళ్ళ కొండవాలు. హిమాలయాల దిగువనుంచి మన తూర్పు కనుమల దాకా, ఆకు రాల్చే అడవుల అంచుల్లో, మిగతా మొక్కలు పొమ్మన్న చోట పొదలు పొదలుగా ఉంటుంది. ఎవరూ నీళ్ళు పొయ్యరు, ఎవరూ కంచె వెయ్యరు. వానలు వెనకబట్టాక పూసి, తెల్లారేసరికి రాళ్ళ మీద తెల్లగా పరిచేసి ఊరుకుంటుంది.

ఇప్పుడు చెప్పండి, ఈ పువ్వుకోసం ఎవరైనా కొప్పు వెతుక్కుంటారా? పెట్టుకున్న గంటకి నలిగిపోతుంది. దండ కడితే కాడలు జారిపోతాయి. మల్లె, జాజి, కనకాంబరం ఉండగా పారిజాతం తలలో పెట్టుకున్న ఆడవాళ్ళు బజార్లో కనిపించరు. దేవుడికే పెడతాం. అదీ నేల రాలినవి ఏరి. ఏ పువ్వు కింద పడినా పూజకి పనికిరాదంటారు గాని, దీనికొక్కదానికే మినహాయింపు. నిజం పారిజాతమే నారదుడి చేతిలో ఉంటే, స్వర్గంనుంచి ద్వారకకొచ్చేసరికి అది వడిలి ఉండేది. పోట్లాటే ఉండేది కాదు!

అలా అని తిమ్మన పువ్వు ఎరగడని నేననడం లేదు. ఆయన రాసింది ఈ మొక్క గురించి కాదని అంటున్నాను. అమరకోశం తీసి చూడండి. దేవలోకపు చెట్లు ఐదింటిలో పారిజాతం ఒకటి, స్వర్గవర్గంలో ఉంది. కింద వనౌషధుల దగ్గరికొస్తే, అదే పారిజాతం పేరు ముళ్ళుండి ఎర్రగా పూసే బాడిద చెట్టుకి చెప్పారు. మన తెల్లని రాత్రిపువ్వుకి అక్కడ వేరే పేరుంది, శేఫాలిక. కాళిదాసుదని చెప్పుకునే ఋతుసంహారంలో శరత్తులో వాసనలు చిమ్మేది ఆ శేఫాలికే. తర్వాతెప్పుడో జనం ఈ అడవిపొద అందం చూసి స్వర్గంలోని చెట్టు పేరు దీనికి పెట్టుకున్నారు. ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ జిల్లా కింతూరులో పారిజాతమని పూజించే మహావృక్షం మరొకటి ఉంది. అది ఆఫ్రికా ఖండపు బావోబాబ్ చెట్టు! ఎవరికి నచ్చిన చెట్టుకి వాళ్ళు స్వర్గం పేరు పెట్టుకున్నారన్నమాట.

నా మటుకు నాకు మనవాళ్ళ ఎంపికే నచ్చింది. వాడని పువ్వు పేరు తీసుకెళ్ళి ఒక్క రాత్రి మాత్రమే ఉండే పువ్వుకి పెట్టారు. ఇది తెలియక చేసిన పనైతే కావచ్చు గాని, ఎవరో పేరులేని అమ్మమ్మ కావాలని చేసిందేమోనని నా అనుమానం. ఎందుకంటే వాడని పువ్వు పువ్వు కాదండీ, పతకం. దాన్ని భద్రపరచుకోవచ్చు, చూపించుకోవచ్చు, మరొకరికి లేదని మురియొచ్చు. కావ్యంలో ఆ పువ్వు చేసే పని అదే. మొగుడి ప్రేమకి అది రసీదు. రుక్మిణికి రసీదిచ్చి సత్యకి ఇవ్వలేదు, అదే గొడవ. వడిలిపోయే పువ్వుతో ఆ వ్యవహారం నడవదు. అందుకే కవికి వాడని పువ్వు కావలసొచ్చింది.

పారిజాతానికి మనవాళ్ళు అంటగట్టిన రెండో సంగతి ఏడుపు. పారిజాత అనే రాజకుమారి సూర్యుణ్ణి ప్రేమించిందనీ, ఆయన వదిలేసి పోతే కాలి బూడిదైందనీ, ఆ బూడిదలోంచి ఈ చెట్టు మొలిచిందనీ, అందుకే సూర్యుడి మొహం చూడకుండా తెల్లారకముందే పువ్వులు రాల్చేస్తుందనీ ఒక కథ ఉంది. పాతదే. 1563లో గోవాలో అచ్చయిన ఒక పోర్చుగీసు పుస్తకంలో గార్సియా ద ఓర్తా అనే వైద్యుడు ఈ కథ రాశాడు. ఆయన దీన్ని దుఃఖవృక్షం అన్నాడు. రెండు శతాబ్దాలు గడవకముందే, 1753లో స్వీడన్ దేశపు లిన్నేయస్ మొక్కలన్నింటికీ శాస్త్రీయనామాలు పెడుతూ దీనికి నిక్టాంథిస్ ఆర్బర్ ట్రిస్టిస్ అని పేరు ఖాయం చేశాడు. రాత్రి పూసే దుఃఖవృక్షం అని దాని అర్థం. అప్పట్నుంచీ పాపం, ఈ చెట్టు అధికారికంగానే ఏడుపుగొట్టుది!

మన నవలల్లో కూడా ఇదే వరస. నాయిక మనసు విరిగిందంటే తెల్లారకట్ట పారిజాతం చెట్టు కింద నిలబడాలి. రాలిన పువ్వులు ఆమె కన్నీళ్ళకి పోలిక. ఎన్ని నవలల్లో ఎంతమంది నాయికలు ఆ చెట్టు కింద తడిశారో లెక్కలేదు. నేనూ నవలలు రాసేదాన్నే గనక చెప్తున్నాను, సులువైన పోలిక ముందుకొచ్చి కూర్చుంటే దాన్ని లేపడం కష్టం. కాని వంగదేశం వాళ్ళు ఇదే పువ్వుని శివులీ అంటారు. అక్కడ అది రాలడం మొదలైందంటే దుర్గాపూజ వచ్చేసిందని పిల్లలు గంతులేస్తారు. కొత్తబట్టలు, సెలవులు, పుట్టింటికొచ్చే ఆడపడుచులు. పశ్చిమబెంగాల్ దాన్ని రాష్ట్రపుష్పం చేసుకుంది. పువ్వు ఒకటే, రాలడం ఒకటే. ఒకచోట ఏడుపు, ఒకచోట పండగ. అంటే దుఃఖం చెట్టులో లేదు, చూసేవాళ్ళు నిలబడిన చోటులో ఉంది. సూర్యుడొచ్చే వేళకి తన పని ముగించుకుని వెళ్ళిపోయేదాన్ని విరహిణి అనడమెందుకు? రాత్రి డ్యూటీ చేసి తెల్లవారి ఇంటికెళ్ళే నర్సుని విరహిణి అంటామా? పారిజాతం రాత్రే పూస్తుంది, ఎందుకంటే దాని చుట్టాలు రాత్రి తిరిగే పురుగులు. తెలుపు రంగు, ఘాటైన వాసన వాటికోసం. పగలు ఆవిడకి సూర్యుడితో పనేమీ లేదు!

తిమ్మన తర్వాత సత్యభామకేమైందో చూద్దాం. సిద్ధేంద్రయోగి భామాకలాపం ఆమెని కూచిపూడి ఆడవేషాలన్నిటికీ మహారాణిని చేసింది. జడ ముందుకు వేసుకుని ఆమె చెప్పుకునే గొప్పలు చూడ్డానికి ఊళ్ళు ఊళ్ళు కదిలొచ్చేవి. వేదాంతం సత్యనారాయణశర్మగారు, అంటే మగవారు, ఆ వేషం కడితే నడక నేర్చుకోవలసింది మనమేననిపించేది. నాటకాల్లో స్థానం నరసింహారావుగారు. ఆయన సత్యభామగా నిలబడితే ముందు వరసలో ఆడవాళ్ళు చీరకట్టు చూసి నేర్చుకునేవారట. శ్రీకృష్ణ తులాభారం నాటకంలో సత్యభామ పాడే ప్రసిద్ధమైన పాట స్థానంవారే రాసుకున్నది. అదే పాట 1966 సినిమాలో జమునగారికి సుశీలగారు పాడారు. ఆ తర్వాత మనకి సత్యభామ అంటే జమునే.

ఈ నాటకాలూ సినిమాలూ ఎంత సొగసుగా ఉన్నా వాటి ముగింపు దగ్గర నాకు పేచీ ఉంది. సత్యభామ పారిజాతం చెట్టు కింద వ్రతం చేసి మొగుణ్ణి నారదుడికి దానమిస్తుంది. తిరిగి కొనుక్కోవడానికి తక్కెట్లో నగలన్నీ వేసినా ముల్లు కదలదు. రుక్మిణి వచ్చి ఒక్క తులసిదళం వేస్తే సరిపోతుంది. హాల్లో చప్పట్లు. గర్వం అణిగింది, భక్తి గెలిచింది. ఆ తులసిదళం గొప్పని నేనెందుకు కాదంటాను? రోజూ కోట ముందు దీపం పెట్టేదాన్నే. కాని చప్పట్లు కొట్టేముందు ఒకసారి ఆగండి. ఒక మొక్కని సత్య పక్కనా, ఒక మొక్కని రుక్మిణి పక్కనా పెట్టి, ఇద్దరాడవాళ్ళనీ తూకం వేసింది ఎవరు? తక్కెట్లో కూర్చున్నాయన మాత్రం మొదట్నుంచీ చివరిదాకా నవ్వుతూనే ఉంటాడు. పువ్వు ఒకరికిచ్చి రెండోవారికి ఇవ్వనిది ఆయన. తగువు తెచ్చింది నారదుడు. పాఠం నేర్చుకోవలసింది మాత్రం సత్యభామ!

భాగవతం సత్యభామ ఇలా ఉండదు. నరకాసురుడి మీదకి యుద్ధానికి వెళ్ళిన మనిషి ఆవిడ. పోతన చేతిలో ఆమె విల్లు పట్టిన తీరు ఎవరు మర్చిపోతారు? యుద్ధమయ్యాక అదితి కుండలాలు తిరిగివ్వడానికి ఇద్దరూ స్వర్గానికి వెళ్తారు. వస్తూ వస్తూ ఆమె అడిగితే కృష్ణుడు పారిజాతాన్ని పెకలించి గరుడుడి మీద పెడతాడు. అక్కడ అలకటిల్లు లేదు, తన్నడం లేదు. స్వర్గపు తుమ్మెదలు ఆ వాసన వదల్లేక భూమిదాకా వెంటపడి వచ్చాయిట! ఎంత బాగుందో చూడండి.

అంతకన్నా గట్టి సత్యభామ విష్ణుపురాణంలో ఉంది. ఈవిణ్ణి మన రంగస్థలం ఎందుకో పైకి తేలేదు. చెట్టు పెకలిస్తుంటే కావలివాళ్ళు అడ్డుపడి, ఇది శచీదేవిది, ముట్టుకోవద్దంటారు. సత్యభామకి ఒళ్ళు మండుతుంది. శచికీ ఇంద్రుడికీ దీనిమీద హక్కెక్కడిదని నిలదీస్తుంది. సముద్రం చిలికితే పుట్టిందైతే అమృతంలా, చంద్రుడిలా, లక్ష్మిలా ఇదీ లోకమందరి సొత్తు, ఒక్క ఇంద్రుడు ఎలా దాచుకుంటాడని అడుగుతుంది. మొగుణ్ణి చూసుకుని శచికి అంత గర్వమైతే ఆ మొగుణ్ణొచ్చి ఆపమను అని కబురు పెడుతుంది.

ఈ మాటలు చదివిన రోజున నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. పారిజాతం కథకి గుండెకాయ ఇది. "నాకు కావాలి" అన్న అలక కాదు, "అందరిదీ ఒకరు దాచుకోవడమేమిటి" అన్న ప్రశ్న. తిమ్మన తన కావ్యానికి అలకనే గుండెకాయ చేసుకున్నాడు. రాజుగారి అంతఃపురానికి అలకే సరిపోతుంది. ప్రశ్నని అంతఃపురంలో పెడితే రాజుగారి ఖజానా దాకా వెళ్తుందేమోనని భయం! కావ్యంగా చూస్తే ఆయన ఎంపిక తప్పనను. కాని ఆ ఎంపికతో తెలుగు సత్యభామ నోట్లోని ఒక పెద్ద మాట వెనకబడిపోయింది. నాలుగైదు శతాబ్దాలు ఆమె చేత జడ విసిరించాం, మూతి తిప్పించాం, కాలు ఝాడించనిచ్చాం. ఆ ఒక్క మాటని మాత్రం అంతగా పట్టించుకోలేదు.

అలాగని విష్ణుపురాణం సత్యభామకి వంక లేదని కాదు. అందరిదీ అని వాదించి గెలిచిన మనిషి ఆ చెట్టు తెచ్చి ఎక్కడ పెట్టుకుంది? తన పెరట్లో! ఊరందరి చెరువని ఉద్యమం చేసినాయన చివరికి దాన్ని తన పేర పాట పాడుకున్నట్టు. ఈ వంక కనిపెట్టి సరిచేసింది మాత్రం పండితులు కాదు, మన ఇళ్ళల్లో కథలు చెప్పే ఆడవాళ్ళు. మీరూ వినే ఉంటారు. చెట్టేమో సత్యభామ పెరట్లో నాటారట, పువ్వులేమో గోడ దాటి రుక్మిణి పెరట్లో రాలాయట! కృష్ణుడి కొంటెతనమని నవ్వుకుంటాం. నవ్వుకోవడం వరకూ సరే గాని, కథ చెప్పినావిడ పారిజాతాన్ని కళ్ళారా చూసి చెప్పింది. కోసుకునే పువ్వైతే గోడకి ఇవతల ఉన్నదంతా మనదే. రాలే పువ్వుకి గోడ తెలీదు. ఇన్ని కావ్యాల్లో ఆ మొక్క స్వభావం మీద కట్టిన కథ ఇదొక్కటే.

మా వైపు ఈ కథ జరుగుతూండగా చూశాను. తాడేపల్లిగూడెం అవతల మెట్ట ఊరినుంచి మా పిన్నిని కొల్లేటి పక్క లంక ఊరికిచ్చారు. మా జిల్లా సంగతి తెలిసినవాళ్ళకి ఆ రెండు ఊళ్ళ మధ్యా ఎంత దూరమో చెప్పక్కర్లేదు. బస్సులో పొద్దున్న బయల్దేరితే ఏలూరులో దిగి కాఫీ తాగి మధ్యాహ్నానికి చేరొచ్చు, కాని నేల మాత్రం వేరే దేశం. అక్కడ ఎర్రమట్టి, నీళ్ళు పోస్తే క్షణంలో ఇంకిపోతాయి. ఇక్కడ నల్లరేగడి, రెండడుగులు తవ్వితే ఊట. ఆవిడ పుట్టింటినుంచి తెచ్చుకున్న పారిజాతం మొక్క మొదటి వర్షాకాలమే వేరు కుళ్ళి చచ్చిపోయింది. రెండోదీ అంతే. కొండవాలున పుట్టిన జాతి, పాదాల్లో నీళ్ళు నిలిస్తే ఎలా ఓర్చుకుంటుంది? మూడోసారి పిన్ని పంతం పట్టింది. పాత నూతి వరలు రెండు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, అడుగున రాళ్ళూ ఇటుకముక్కలూ పోసి, పుట్టింటినుంచి బియ్యంబస్తాలతో పాటు ఎర్రమట్టి తెప్పించి నింపింది. దానికి మేలు జరిగింది. మూడేళ్ళకి పొద గోడ దాటింది.

గోడ దాటిన కొమ్మ అవతలివారి వాకిట్లో రాల్చేది. ఆ ఇంటావిడ తెల్లారకట్ట సజ్జ నింపుకుని పూజ చేసుకునేది. మా పిన్నికి మిగిలేవి గుప్పెడు. చూసి చూసి నేనే ఉండబట్టలేక, "కొమ్మ నరికించెయ్యరాదూ పిన్నీ, ఇంత కష్టపడి పెంచింది నువ్వాయె" అన్నాను. ఆవిడ చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తకుండానే అంది: "నీళ్ళకి గట్లేశారు, చేపలకి గట్లేశారు. రాలే పువ్వుక్కూడా గట్టెయ్యమంటావేవిటే?"

కొల్లేటి ఒడ్డున కాపురం చేసిన మనిషి ఆ మాట అనడంలో ఎంత బరువుందో వేరే చెప్పాలా? కృష్ణా గోదావరి డెల్టాల మధ్య బుడమేరు, తమ్మిలేరు తెచ్చి పోసే నీళ్ళతో నిండి, ఉప్పుటేరు దారిన సముద్రానికి పోయే సరస్సది. ఒకప్పుడు అందులో వల వేసుకునేవాడికి వల, తుంగ కోసుకునేవాడికి తుంగ. తర్వాత గట్లు లేచాయి, నీళ్ళు చెరువులుగా ముక్కలయ్యాయి. 1999లో పక్షుల అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ ఒడంబడిక కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడినేలల్లో చేర్చారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు పగలగొట్టారు. పగిలిన గట్ల వెనక పోయిన బతుకులూ ఉన్నాయి, నిలిచిన గట్ల వెనక పెరిగిన మేడలూ ఉన్నాయి. ఎవరిది న్యాయమో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. కాని అందరిదీ అయినదాన్ని ఒకరెలా దాచుకుంటారని స్వర్గంలో సత్యభామ అడిగిన ప్రశ్న మా జిల్లాలో ఇంకా సమాధానం కోసం నీళ్ళలో నిలబడే ఉంది. అందుకే ఆ ప్రశ్న మన కావ్యంలో అలక వెనక్కి పోయిందంటే నాకు బాధ.

కవిత్వంలో ఇలాంటివన్నీ వెతుకుతారా అని ఎవరైనా అడగొచ్చు. పాత కావ్యం పాత కావ్యమే, అలకని అలకలా ఆనందించక ఆస్తిహక్కుల గొడవ ఎందుకంటారు. ఆనందించమనే నేనూ అంటాను. తిమ్మన పద్యాలు ఎవరైనా రాగయుక్తంగా చదువుతుంటే నేను చేస్తున్న పని ఆపి వింటాను. కాని పాత పుస్తకం మనం ప్రతిసారీ కొత్తగా చదువుకోవడానికే ఉంది. మన అమ్మమ్మలు అందులో భక్తి చదువుకున్నారు, అమ్మలు శృంగారం చదువుకున్నారు. మన ఆడపిల్లలు ఒక ప్రశ్న చదువుకుంటే కావ్యానికొచ్చిన నష్టమేమిటి? ఈసారి ఏ బడి వార్షికోత్సవంలోనో పారిజాతం నాటిక వేస్తే, సత్యభామ వేషం వేసిన పిల్ల చేత అలకతో పాటు ఆ స్వర్గంలో మాట కూడా అనిపించండి. చప్పట్లు తగ్గవు, పెరుగుతాయి.

ఇక నవలలు రాసే సోదరీమణులకి నాదొక విన్నపం. పారిజాతం కింద నాయికని నిలబెట్టండి, తప్పు లేదు. ఏడిపించేముందు మాత్రం ఒకసారి ఆమె చేత ఆకు ముట్టించండి. గరుగ్గా ఉంటుంది. చేదుగా ఉంటుంది. మందుకి పనికొస్తుంది. అంత మొండి మొక్కకి అంత లేతపువ్వు ఎలా పూస్తుందో ఆమెకి తట్టిందంటే, తర్వాతి ప్రకరణం మీరు అనుకున్నట్టు ఉండదు.

పెంచుకోవాలనుకునేవారికి కష్టమేం లేదు. కడియం నర్సరీల్లో దొరుకుతుంది. తాడేపల్లిగూడెం పక్కన వెంకట్రామన్నగూడెంలో 2007 నుంచీ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది గనక మొక్కల సంగతి అడగడానికి మనవాళ్ళకి చోటూ ఉంది. గింజ వేసినా వస్తుంది, తొలకరిలో కొమ్మ పాతినా వస్తుంది. ఎండ కావాలి, మెరక కావాలి, పాదులో నీళ్ళు నిలవకూడదు. పల్లపు ఊళ్ళవాళ్ళు వరల ఉపాయం చూసుకోవచ్చు. గోడ పక్కన నాటండి. కొమ్మ అవతలికి పోతే పోనివ్వండి. రాత్రి పడుకోబోయేముందు కింద ఒక పాత పంచె పరిస్తే, తెల్లారేసరికి మట్టి అంటని పువ్వులు దొరుకుతాయి. పంచె ఎంత పెద్దది పరిచినా కొన్ని దానికి బయటే పడతాయి. అవి ఎవరివని మాత్రం అడక్కండి.